బల్ల కొందామా, చేయిద్దామా?

ఇంట్లో ఒక గదిని రికార్డింగ్ స్టూడియోగా మార్చుకుంటున్నామని ఎవరైనా అనగానే కబుర్లన్నీ మైకు చుట్టూ తిరుగుతాయి. ఏ మైకు, ఏ స్పీకర్లు, ఏ ఆడియో ఇంటర్‌ఫేస్, గోడలకు ఏం అంటించాలి! అవన్నీ తేలాక, మిగిలిన డబ్బుతో, చిట్టచివర బల్ల ప్రస్తావన వస్తుంది. "ఏదో ఒక కంప్యూటర్ టేబుల్ చూద్దాంలెండి" అని తేల్చేస్తారు. ఇవాళ ఆ బల్ల గురించే మీతో కాసేపు మాట్లాడాలనుంది. పాడేవాళ్లు మైకు ముందు గంటో రెండు గంటలో నిలబడి వెళ్లిపోతారు. మిక్సింగ్ చేసేవాళ్లు తెల్లవార్లూ బల్ల ముందే కూర్చుంటారు. నడుము, మెడ, మణికట్టు అన్నీ దాని దయ మీదే ఉంటాయి. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. మీ చెవిన పడే ధ్వనిని కూడా ఆ బల్ల మార్చేస్తుంది.

ఈ మాట చాలామంది ఒక పట్టాన నమ్మరు. చెక్కపలక పాటనేం చేస్తుందని అడుగుతారు. చిన్న లెక్క వేసి చూద్దాం రండి.

కుర్చీలో కూర్చున్న మనిషి చెవి నేలకు సుమారు 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. స్పీకర్లను కూడా అదే ఎత్తున పెట్టుకుంటాం. స్పీకరుకీ చెవికీ మధ్య దూరం 120 సెంటీమీటర్లు, బల్ల ఎత్తు 73 సెంటీమీటర్లు అనుకోండి. నేరుగా వచ్చే ధ్వని 120 సెంటీమీటర్లు ప్రయాణం చేస్తుంది. బల్ల మీద పడి లేచి వచ్చే ధ్వనికి మాత్రం సుమారు 152 సెంటీమీటర్ల ప్రయాణం. 32 సెంటీమీటర్లు ఎక్కువ నడిచింది కాబట్టి అది సెకనులో వెయ్యో వంతు ఆలస్యంగా చెవికి చేరుతుంది. ఇంత చిన్న ఆలస్యానికి రెండు ధ్వనులు విడివిడిగా వినిపించవు, కలిసిపోతాయి. అలా కలిసినప్పుడు 530 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. 1,600 దగ్గరా 2,650 దగ్గరా మళ్లీ అదే జరుగుతుంది.

మనిషి గొంతుకు నిండుదనం ఇచ్చే చోటు ఆ 500 చుట్టుపక్కలే ఉంటుంది. అక్కడ పాట పల్చగా వినిపించిందని మీరు ఈక్వలైజర్‌తో కాస్త పెంచుతారు. అదే పాటను తర్వాత కారులో వింటే డబ్బాలోంచి పాడినట్టుంటుంది. తప్పు గాయకుడిదీ కాదు, మైకుదీ కాదు. మీరు పూడ్చింది పాటలో లోటును కాదు, బల్ల చేసిన లోటును.

"బల్ల మీద దుప్పటి పరిస్తే సరిపోదా?" అంటారేమో. 500 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 68 సెంటీమీటర్లు ఉంటుంది. దానికి దుప్పటి అడ్డే కాదు. బట్ట పరిస్తే పైస్థాయి ధ్వనులు కొంచెం మెత్తబడతాయి, అసలు చిక్కు అలాగే ఉంటుంది. ఇక స్పీకర్లను బల్ల మీదే పెడితే కిందిస్థాయి ధ్వనులు కూడా ఉబ్బుతాయి. అందుకే జెనెలెక్ లాంటి కంపెనీలు కొన్ని స్పీకర్ల వెనక, బల్ల మీద పెట్టుకునేవాళ్ల కోసమే, 200 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనిని తగ్గించే స్విచ్ పెడతాయి. స్పీకర్లు తయారుచేసేవాళ్లే బల్లను లెక్కలోకి తీసుకుంటున్నారంటే మనమూ తీసుకోవాలి కదా!

కొన్నా, చేయించినా, స్టూడియో బల్లకు మొదటి సూత్రం ఇక్కడే దొరుకుతోంది. స్పీకరుకీ చెవికీ మధ్య పలక ఎంత తక్కువుంటే అంత మంచిది. పెద్ద బల్ల గదికి హోదా తెస్తుందేమో గానీ చెవికి మేలు చేయదు. వీలైతే స్పీకర్లను బల్ల మీదినుంచి దించి, బల్ల వెనక విడి స్టాండ్ల మీద నిలబెట్టండి.

ఒకప్పుడు ఈ "కొనాలా, చేయించాలా" అన్న ప్రశ్నే లేదు. మిక్సింగ్ కన్సోలే బల్ల. పెద్ద స్టూడియోలు దాన్ని తమ అవసరానికి తగ్గట్టు తయారు చేయించుకునేవి. లండన్‌లో ఈఎంఐ సంస్థ తన ఇంజినీర్లతోనే కన్సోళ్లు కట్టించుకుంది. బీటిల్స్ 1969లో 'ఆబీ రోడ్' ఆల్బమ్ రికార్డు చేసిన టీజీ12345 కన్సోల్ అలా పుట్టిందే. రూపర్ట్ నీవ్ 1960లలో పేరు తెచ్చుకున్నది కూడా స్టూడియోల ఆర్డర్ల మీద కన్సోళ్లు కట్టిచ్చే. తర్వాత కంప్యూటర్ వచ్చింది. కన్సోల్ పని చాలావరకు స్క్రీన్ మీదికి ఎక్కింది. బల్ల మామూలు సామానుగా మిగిలింది, దాన్ని ఎంచుకునే బాధ్యత మన మీద పడింది.

ఆ మార్పు మధ్యలో జరిగిన ఒక సంగతి మనకు బాగా పనికొస్తుంది. 1995లో యమహా 02ఆర్ అనే డిజిటల్ మిక్సర్ వచ్చి చాలా స్టూడియోల్లో చేరింది. సరిగ్గా ఆ మిక్సర్ కూర్చునేలా నడిమధ్య గొయ్యి ఉన్న బల్లలు కూడా బజారులోకి వచ్చాయి. పక్కనే లావుపాటి పాతకాలపు స్క్రీన్ పెట్టుకోవడానికి గూడు. పదేళ్లు తిరిగేసరికి మిక్సరూ పాతబడింది, ఆ లావు స్క్రీనూ పోయింది. గొయ్యి, గూడు మాత్రం మిగిలాయి. ఫలానా సామానుకు అతికినట్టు చేసిన బల్ల ఆ సామానుతోపాటే ముసలిదైపోతుంది.

కానీ ఒక్క కొలత మాత్రం ముసలిది కాలేదు. అది ఆడియో పరికరాలను బిగించే ర్యాక్ కొలత. పాత టెలిఫోన్ ఎక్స్చేంజీల రోజుల నుంచి వస్తున్న 19 అంగుళాల వెడల్పు, ఒక్కో అరకు ఒకటిముప్పావు అంగుళాల ఎత్తు. ప్రీయాంపులు, కంప్రెసర్లు, ప్యాచ్ బేలు ఇవాళ్టికీ ఆ కొలతకే వస్తున్నాయి. కాబట్టి మీ దగ్గరున్న ఫలానా డబ్బా కొలతకు గాడి చేయించకండి. ర్యాక్ కొలతకు అర చేయించండి. సామాను మారినా అర పనికొస్తుంది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వద్దాం. ఏఆర్ రెహమాన్ 1989లో చెన్నై కోడంబాక్కంలో తన ఇంటి ఆవరణలోనే పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నారు. ఇంట్లో స్టూడియో అనేది అప్పట్లో విశేషం. ఇప్పుడు హైదరాబాదులోనే కాదు, కరీంనగర్, వరంగల్ లాంటి చోట్ల కూడా జానపద పాటలు చిన్న చిన్న గదుల్లో తయారై యూట్యూబ్‌కు ఎక్కుతున్నాయి. డబ్బింగ్ చెప్పేవాళ్లు, ఆడియో పుస్తకాలు చదివేవాళ్లు, పాడ్‌కాస్టులు చేసేవాళ్లు సరేసరి. వీళ్లలో చాలామందికి దొరికేది పదీ పన్నెండు అడుగుల పడకగది. పైగా అద్దె ఇల్లు. ఈ రెండు నిజాలనూ పక్కన పెట్టి బల్ల గురించి ఎంత మాట్లాడినా ఉపయోగం ఉండదు.

రెడీమేడ్ బల్లకు ఉన్న మొదటి గుణం, విడదీస్తే విడిపోవడం. ముక్కలుగా వస్తుంది, గదిలో బిగించుకుంటాం. ఇల్లు మారినప్పుడు మళ్లీ విప్పి ఆటోలో వేసుకుని పోవచ్చు. రెండో గుణం, కొనేముందే కొలతలు తెలుస్తాయి, వీలుంటే దుకాణంలో దాని ముందు కూర్చుని చూడొచ్చు. మూడోది, మీకు నచ్చకపోతే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. మీ ఒంటి కొలతకు చేయించిన బల్లను కొనేవాళ్లు దొరకడం కష్టం.

రెడీమేడ్ బల్ల లోపాలు కూడా చూడాలి. చవక రకాలు ఎక్కువగా పార్టికల్ బోర్డుతోనో ఎండీఎఫ్‌తోనో చేస్తారు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అంచు పట్టీ ఊడితే చాలు, బోర్డు తేమ పీల్చి ఉబ్బుతుంది. ఒకసారి మర ఊడివస్తే ఆ కన్నంలో మళ్లీ పట్టు నిలవదు. బరువుకు పలక వంగిపోవడం ఇంకో బాధ. ఇక్కడో లెక్క గుర్తుపెట్టుకోండి. అదే బరువుకు కాళ్ల మధ్య దూరం రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది. పలక మందం రెట్టింపైతే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఆరడుగుల పొడవు, ముప్పావు అంగుళం మందం, మధ్యలో ఆధారం లేని బల్ల ఫొటోలో ఎంత బాగున్నా, రెండు స్పీకర్లూ రెండు స్క్రీన్లూ ఎక్కాక కొన్నాళ్లకు నడుం వంచుతుంది.

స్టూడియో కోసమే అమ్మే రెడీమేడ్ బల్లల సంగతి వేరు. అమెరికాలోని ఆర్గోసీ, అవుట్‌పుట్ లాంటి కంపెనీల బల్లల్లో ర్యాకులు, వైర్ల దారులు, కీబోర్డు అర పొందిగ్గా ఉంటాయి. కానీ అంత బరువైన చెక్క సముద్రం దాటి రావాలంటే రవాణా ఖర్చు, సుంకం కలిసి అసలు ధరతో పోటీ పడతాయి. ఆ డబ్బుతో గదికి, కిందిస్థాయి ధ్వనులను పీల్చుకునే మంచి బేస్ ట్రాపులు కట్టించుకోవచ్చు. పాటకు దాని మేలే ఎక్కువ.

ఇక చేయించడం. మనకున్న అదృష్టం ఏమిటంటే మంచి వడ్రంగి ఇంకా మన వీధికి దగ్గర్లోనే దొరుకుతాడు. విదేశాల్లో చేయించిన బల్ల అంటే శ్రీమంతుల ముచ్చట. ఇక్కడ ప్లైవుడ్ మనమే తెచ్చి కూలీ ఇస్తే చాలు, లేదా సామానుతో కలిపి చదరపు అడుగు లెక్కన మాట్లాడుకోవచ్చు. ఎనిమిది నాలుగు అడుగుల షీటు ఒక్కటి తెస్తే ఐదడుగుల పలకా పక్క చెక్కలూ వస్తాయి. తేమ ఊళ్లలో ఉన్నవాళ్లు షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూసి మరీ తీసుకోండి, అది నీళ్లకు ఓర్చుకునే మెరైన్ రకం. ముందంచు కింద నిలువుగా ఒక బద్ద కొట్టిస్తే పలక వంగదు. కొద్దిపాటి ఖర్చుతో వచ్చే గట్టిదనం అది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మన మేస్త్రికి స్టూడియో అంటే తెలియదు. అది ఆయన తప్పు కాదు. ఆయన చేయి వార్డ్‌రోబులకూ టీవీ యూనిట్లకూ అలవాటు పడింది. "సార్, రెండడుగుల లోతేం సరిపోతుంది, మూడు పెట్టేద్దాం, కింద రెండు వైపులా కప్‌బోర్డులు కూడా వస్తాయి" అని ప్రేమగానే అంటాడు. ఆ మాటకు తలూపారంటే మీకు పెద్ద పలక వస్తుంది, దాని కింద బోలుగా రెండు పెట్టెలు వస్తాయి. బేస్ గిటార్ మోగినప్పుడల్లా ఆ పెట్టెల తలుపులు గడగడలాడతాయి. అందుకే మేస్త్రికి మాటలు చెప్పకండి, కొలతలు ఇవ్వండి. కాగితం మీద గీసి ఇవ్వండి.

ఏ కొలతలంటారా? ర్యాక్ పెట్టె లోపలి వెడల్పు 19 అంగుళాల మీద ఒక నూలు ఉండాలి. ఆ నూలు తగ్గితే సామాను లోపలికి పోదు, అంగుళం పెరిగితే మరలు అందవు. ర్యాక్ వెనక మూసేయకూడదు, వేడి బయటికి పోవాలి. వైర్ల కన్నాలు 60 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, మూడు పిన్నుల ప్లగ్ దూరాలి కదా! కరెంటు వైర్లకు ఒక దారి, ఆడియో వైర్లకు ఇంకో దారి ఉండాలి. రెండూ దాటాల్సిన చోట అడ్డంగా దాటాలి గానీ పక్కపక్కనే సాగకూడదు. బల్లను గోడకు బిగించకండి. వెనక మనిషి దూరేంత సందు వదలండి. స్టూడియోలో సగం మరమ్మతులు ఆ సందులోనే జరుగుతాయి.

కీబోర్డు అర దగ్గర ఇంకొంచెం ఆగుదాం. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. బల్ల ఎత్తు 30 అంగుళాలు. పలక మందం ఒక అంగుళం, దాని కింద అర అంగుళం ఖాళీ, 88 మీటల కీబోర్డు ఎత్తు ఐదంగుళాలు, అది కూర్చున్న చెక్క ముప్పావు అంగుళం. తీసేస్తూ పోతే ఆ చెక్క అడుగు భాగం నేలకు 22 అంగుళాల ముప్పావు ఎత్తులో తేలుతుంది. మీ కుర్చీ సీటు 18 అంగుళాలుంటే తొడలకు మిగిలేది ఐదంగుళాలు కూడా లేదు. కాళ్లు లోపలికి పోవు. కుర్చీ దించితే చెవి స్పీకరు కిందికి పోతుంది, బల్ల లేపితే భుజాలు పైకి పోతాయి. ఒక్క అంగుళం మారిస్తే గొలుసులా అన్నీ మారతాయి. అందుకే పెద్ద కీబోర్డు వాయించేవాళ్లు దాన్ని పక్కన విడి స్టాండు మీద పెట్టుకోవడమో, లేక కీబోర్డునే ముందు పెట్టి స్క్రీన్‌ను వెనక పై మెట్టు మీదికి పంపడమో మంచిది. సొరుగులా లాగే అరే కావాలంటే టెలిస్కోపిక్ ఛానల్ ఎంత బరువు మోస్తుందో అడిగి మరీ కొనండి. బరువైన మీటలున్న కీబోర్డులు పదిహేను, ఇరవై కిలోలు తూగుతాయి, దానికి చేతుల ఒత్తిడి అదనం.

చేయించడం తప్ప వేరే దారి లేని సందర్భం కూడా ఒకటుంది. మన సంగీతంలో చాలామంది నేల మీద కూర్చుని పనిచేస్తారు. హార్మోనియం, వీణ, మృదంగం, తబలా వాయించేవాళ్లకు కుర్చీ ఎక్కితే చేయి ఆడదు. వాళ్లకు సరిపడే స్టూడియో బల్ల ఏ దుకాణంలోనూ దొరకదు. పాతకాలపు కరణం గారి రాతబల్లంత ఎత్తులో పొట్టి బల్ల చేయించాలి. నేల మీద కూర్చున్నప్పుడు చెవి దాదాపు రెండున్నర అడుగుల ఎత్తుకు వస్తుంది కాబట్టి స్పీకరు స్టాండ్లనూ ఆ లెక్కకే దించాలి. అలా అమర్చిన గదిలో వాయించేవాళ్లు లేచి, కుర్చీ దాకా వెళ్లి, విని, మళ్లీ నేలకు దిగే బాధ ఉండదు. వాయించిన చోటే వింటారు. మన సంగీతానికి మన బల్ల కావాలని నేను గట్టిగా అంటాను.

రెండు దారులకూ మధ్య మూడోది ఉంది. ఇనుప కాళ్ల ఫ్రేము రెడీమేడ్‌గా దొరుకుతుంది, ఎత్తు పెంచి తగ్గించే రకం కూడా. దాని మీదికి పలక మాత్రం మేస్త్రితో కోయించుకోండి. కాళ్లు నిలకడగా ఉంటాయి, పలక మీ కొలతకు వస్తుంది, ఇల్లు మారినప్పుడు నాలుగు బోల్టులు విప్పితే సరి. ర్యాకును బల్లలో కలపకుండా చక్రాలున్న విడి పెట్టెగా పక్కన పెట్టుకోండి. అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నాకు కనబడలేదు.

ఇక తీర్పు చెప్పమంటే చెబుతాను. ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లు చేయించకండి. మీరు ఎలా పనిచేస్తారో మీకే ఇంకా తెలియదు. కీబోర్డు మీద ఎక్కువ ఉంటారా, మౌస్ మీదా? ఒక్కరే కూర్చుంటారా, పక్కన పాటల రచయితో దర్శకుడో కూర్చుంటారా? కుడిచేతి వైపు ఏం కావాలి, ఎడమచేతి వైపు ఏం కావాలి? ఇవి గదిలో కొన్ని నెలలు పనిచేస్తేనే తేలే సంగతులు. అప్పటిదాకా గట్టి కాళ్లున్న సాదా బల్ల చాలు. అంచెలు, గూళ్లు, కప్‌బోర్డులు లేనిది. మీ అలవాట్లు కుదిరాక, అవే ఇబ్బందులు రోజూ అవే చోట ఎదురవుతుంటే, అప్పుడు మేస్త్రిని పిలవండి. ఆ ఇబ్బందుల జాబితాయే మీ బల్ల నమూనా. సొంత ఇల్లు, స్థిరమైన పని, నిత్యం వాడే ర్యాక్ సామాను ఉన్నవాళ్లు మాత్రం వెనకాడక చేయించుకోండి. మంచి ప్లైవుడ్‌తో శ్రద్ధగా చేసిన బల్ల చాలాకాలం నిలుస్తుంది, కొన్న బల్ల ఎప్పటికీ ఇవ్వలేని సుఖాన్నిస్తుంది.

ఏ దారి పట్టినా డబ్బు తీసే ముందు రెండు పనులు చేయండి. ఒకటి, సుద్దముక్కతో గది నేల మీద బల్ల హద్దు గీయండి. గది పొడవులో ముందు గోడ నుంచి 38 శాతం దూరాన మీ తల ఉండేలా మొదలుపెట్టి చూడండి. పన్నెండడుగుల గదికి అది నాలుగున్నర అడుగులు. ఎడమ గోడ, కుడి గోడ సమాన దూరంలో ఉన్నాయా? తలుపు తెరుచుకుంటోందా? కుర్చీ వెనక్కి జరుగుతోందా? రెండు, ఇప్పుడున్న బల్ల మీద ఒక అద్దం పడుకోబెట్టి, మీ కుర్చీలో కూర్చుని చూడండి. అద్దంలో స్పీకరు కనబడిన చోటే ధ్వని బల్ల మీద పడి లేస్తోంది. ఆ చోట పలక లేకుండా చేయగలరా, వాలుగా మార్చగలరా, స్పీకరును జరపగలరా అని ఆలోచించండి. ఈ రెండింటికీ సుద్దముక్క ఖర్చు తప్ప ఇంకేం లేదు. దయచేసి అవి చేశాకే దుకాణానికైనా వెళ్లండి, మేస్త్రికైనా కబురు పెట్టండి.